గీతల బావ కిటికీ

మా ఇంట్లో ఎవరు ఎవరితో గొడవపడినా మా బావ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎప్పట్నుంచి లెక్క?" చెల్లెలు ఎప్పుడూ గిన్నెలు కడగదని అక్క అంటే, ఎప్పుడూ అంటే ఈ వారం నుంచా, పెళ్ళయిన దగ్గర్నుంచా అని అడుగుతాడు. అక్క ఎప్పుడూ నన్నే అంటుందని నేనంటే నాకూ అదే ప్రశ్న. కోపంలో ఉన్న మనిషికి తేదీలు గుర్తుంటాయా? జవాబు వెతుక్కునేలోపు పోట్లాట చల్లారిపోతుంది. అది బావలోని మంచి గుణమని అక్క మురిసిపోతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. కడుపారా పోట్లాడుకోనివ్వని మనిషితో ఎలా వేగడం?

బావ ఒక దినపత్రికలో గ్రాఫులు గీస్తాడు. వానలు, ఎండలు, ధరలు, ఎన్నికల ఓట్లు, ఏదైనా సరే ఆయన చేతిలో పడితే గీత అయిపోతుంది. వీధిలో అందరూ గీతలాయన అంటారు, నేను గీతల బావ అంటాను. అంకెలిస్తే కంప్యూటరే గీసిపెడుతుంది కదా అంటే వినడు. ముందు ట్రేసింగ్ పేపరు మీద రంగు పెన్సిలుతో తన చేత్తో గీసుకుని, ఆ తర్వాతే కంప్యూటరు ముట్టుకుంటాడు. చెయ్యి ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో తెలిస్తేనే అంకెల సంగతి బుర్రకెక్కుతుందట. రాసేవాళ్ళు గోరంతలు కొండంతలు చేస్తారు, నేను వెళ్ళి ఆ కొండ పక్కన స్కేలు పెడతాను అని తన ఉద్యోగం గురించి చెప్పుకుంటాడు. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడే ఆయనలో కాస్త గర్వం కనిపిస్తుంది.

మాది మూడంతస్తుల భవనంలో కింది భాగం. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే నేను మేడ మీద ఒంటి గదిలో ఉంటాను, తిండి మాత్రం అక్క దగ్గరే. కింది హాల్లో ఒక పెద్ద కిటికీ ఉంది. భవనంలో అందరిదీ అయిన పెరట్లోకి చూస్తుంది. ఒకటే గాజు పలక, తలుపుని అడ్డంగా పడుకోబెట్టినంత ఉంటుంది. తెరుచుకోదు, వెలుతురు కోసమే పెట్టారు. బావ అసలు ఆఫీసు ఆ కిటికీయే. ట్రేసింగ్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి గాజుకి అంటిస్తే, బయటి వెలుతురుకి అన్ని గీతలూ ఒకేసారి కనిపిస్తాయి. వాటిని అటూ ఇటూ జరుపుతూ, తనలో తాను ఏదో గొణుక్కుంటూ అక్కడే పొద్దంతా నిలబడతాడు. ఏమిటి గొణుగుతున్నావంటే, నేనేం మాట్లాడలేదే అంటాడు. పెళ్ళయిన కొత్తలో అక్క దీనికి బెదిరిపోయి, గోడలతో మాట్లాడే మనిషికి ఇచ్చి చేశారేమిటని అమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బావ గోడలతో మాట్లాడితే, అక్క వినపడనివాళ్ళతో మాట్లాడుతుంది. అదే ఆమె పని. పుట్టుకతో వినపడనివాళ్ళకి బడులున్నాయి. నలభై ఏళ్ళో యాభై ఏళ్ళో హాయిగా విని, ఆ తర్వాత చెవులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి ఎవరికీ పట్టదు. అలాంటి పెద్దవాళ్ళకి ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకోవడం అక్క నేర్పుతుంది. పక్క సందులో చిన్న గది అద్దెకి తీసుకుని, గుండ్రంగా కుర్చీలు వేసి, తను మధ్యలో కూర్చుంటుంది. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఒక్కో మాటనీ పట్టుకుని వేలాడొద్దు, మాట వెనక మాట చూడండి అని చెబుతుంది. ఆ గదిలోకి ఎప్పుడు వెళ్ళినా సంతలా ఉంటుంది. ఎవరి గొంతు ఎంత పెద్దదో వాళ్ళకి తెలియదు కదా.

అందరిలోకీ పెద్ద గొంతు ఇంజను తాతది. జీవితమంతా రైలింజను నడిపి, ఆ హోరుకి చెవులు అప్పగించి ఇంటికొచ్చాడు. ఒంటరి మనిషి. ఆయన రహస్యం చెబితే వీధి చివర టైరు పంక్చర్లు వేసేవాడు కూడా తలూపుతాడు. క్లాసులో చేరినప్పుడు ఎవరి మొహమూ చూసేవాడు కాదు. ఏమీ అర్థం కాకపోయినా నవ్వేసి ఊరుకోవడం అలవాటైపోయింది. అక్క దగ్గర ఏడాది కూర్చున్నాక రొట్టెల దుకాణంలో అమ్మాయి చెప్పిన ధర పోల్చుకుని, పైగా నిన్నటికంటే ఎక్కువ చెబుతున్నావేంటమ్మా అని దబాయించి వచ్చాడు. ఆ రోజు క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఎవరికీ వినపడకపోయినా కొట్టారు.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు వచ్చింది.

మొదట ఎక్కడో దూరదేశం వార్త. తర్వాత పక్కదేశం. తర్వాత మన వీధి మందుల దుకాణం ముందు వరస. పత్రిక ఎడిటరమ్మ బావకి ఫోన్ చేసి, ఇకనుంచి రోజూ ఒక పేజీ నీదే అంది. ఏ దేశంలో జబ్బు ఎలా పాకుతోంది, అక్కడి ప్రభుత్వం ఏం చేస్తోంది, వాళ్ళ పక్కన మనమెక్కడ ఉన్నాం, పాఠకుడు ఒక్క చూపులో చూడాలి. ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంటినుంచే పంపమంది. అంతవరకు ఇంట్లో ఉన్నది గీతల పిచ్చి. ఆ రోజు నుంచి దానికి రాజముద్ర పడింది.

బావ నాలుగు దేశాలు ఎంచుకున్నాడు, మనది ఐదోది. దేశానికో కాగితం, కాగితానికో రంగు. పేర్లు పలకలేక నేనే వాటికి చుట్టరికాలు పెట్టాను. నా దుకాణం మూతపడింది, నోరు మాత్రం తెరిచే ఉంది.

చుట్టూ నీళ్ళున్న చిన్న దేశం ముందుజాగ్రత్త పిన్ని. ఎవరో తుమ్మారని వినగానే వీధి తలుపు గడియ వేసేసింది. బయటినుంచి ఎవరొచ్చినా, సొంత మేనల్లుడైనా సరే, రెండు వారాలు విడిగా ఉంచాకే లోపలికి రానిచ్చింది. ఇంకో దేశం మర్యాద పెద్దమ్మ. ఆమె ఎవరినీ ఆజ్ఞాపించదు. దయచేసి గుంపులుగా చేరకండి బాబూ అని రోజూ టీవీలో బతిమాలుతుంది, జనం కూడా చాలావరకు విన్నారు. మూడోవాడు లెక్కల బాబాయి. ఎవరు కనపడితే వాళ్ళకి పరీక్ష చేసి, ఎవరెవరు ఎవరెవరిని కలిశారో ఆరా తీసి, అన్నీ రాసిపెట్టాడు. అందుకని ఆయన గీత మొదట్లో అందరికంటే ఎత్తుకి పోయింది, ఊరంతా పాపం బాబాయి ఇల్లు మునిగిపోయిందంది. నాలుగోవాడు మొండి మామయ్య. తలుపులు బార్లా తీసి, మా ఇంటి గాలికి ఏ జబ్బూ రాదు పొండి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు, అదీ చాలా ఆలస్యంగా.

ఐదోది మనిల్లు. మన ప్రభుత్వం ఒక రాత్రికి రాత్రే అన్నీ మూసేసింది. తర్వాత పొద్దున తెరిచి సాయంత్రం మూయమంది, ఆ తర్వాత పొద్దున మూసి సాయంత్రం తెరవమంది. మాస్కు అక్కర్లేదన్న నోటితోనే మాస్కు లేకపోతే జరిమానా అంది. నేను తిట్టిపోస్తుంటే బావ అడ్డుపడేవాడు. పిన్ని ఇంటి చుట్టూ నీళ్ళు, గడియ వేయడం తేలిక, మనకి నాలుగు వైపులా గుమ్మాలే అనేవాడు. ఇంట్లో ఎంతమంది తిన్నారో చూడకుండా ఎన్ని అంటుగిన్నెలు పడ్డాయో లెక్కపెడితే ఎలా అని, ప్రతి దేశం అంకెనీ అక్కడి జనాభాతో భాగించేవాడు. గిన్నెల ప్రస్తావన నా గురించేనని నాకు తెలుసు.

జబ్బు అందరింటికీ ఒకే రోజు రాలేదు. అందుకని కేలండరు తేదీలు పనికిరావని, గాజు మీద నిలువుగా ఒక నల్ల టేపు అంటించాడు. ఏ దేశంలోనైనా వందో రోగి కనపడిన రోజు ఆ టేపు మీదకి వచ్చేలా కాగితం జరిపేవాడు. అదే అందరికీ గుమ్మం. గుమ్మం దాటాక ఎవరు ఎలా నడిచారో చూసుకోవచ్చు. ప్రతి కాగితం మూలా ఆ దేశంలో రోజుకి ఎన్ని పరీక్షలు చేస్తున్నారో చిన్న అక్షరాలతో రాసుకునేవాడు. మన దేశం ఆ లెక్క రోజూ ఇచ్చేది కాదు. అందుకని మన కాగితం మూల ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు.

అక్క క్లాసు మొదటి రోజే మూతపడింది. మూతపడితే పడింది, అంతకంటే పెద్ద దెబ్బ మాస్కు. ఊరు ఊరంతా పెదవులు దాచేసుకుంది. మాకు అది ఊపిరాడని గుడ్డ, అంతే. అక్క దగ్గర చదువుకున్నవాళ్ళకి అది ఉన్న ఒక్క కిటికీ మూసేయడం. ఇంజను తాత రొట్టెల దుకాణంలో నిలబడి, అమ్మాయి కళ్ళే చూస్తూ, మళ్ళీ పాత నవ్వు నవ్వడం నేను చూశాను. చూసి వచ్చి అక్కకి చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. అక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

తాత రోజూ నడుచుకుంటూ వచ్చి మా గేటు బయట నిలబడేవాడు. ఎప్పుడు తెరుస్తావమ్మా అని అరిచేవాడు. అక్క చెయ్యి ఊపేది. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నేర్చుకున్నదంతా మర్చిపోతారు, మళ్ళీ ఎవరి మొహమూ చూడని మనిషైపోతారు అని అక్క బెంగ. ఆయన ఒక్కడే కాదు, అందరూ. కానీ అందరూ ముసలివాళ్ళు. ఈ జబ్బు ఎవరిని తీసుకుపోతుందో అప్పటికి ప్రపంచమంతటికీ తెలిసిపోయింది.

కొన్నాళ్ళకి ప్రభుత్వం చిన్న క్లాసులు నడుపుకోవచ్చు, మంచిచెడ్డలు నడిపేవాళ్ళే చూసుకోవాలి అని చేతులు దులుపుకుంది. అక్క నేరుగా బావ దగ్గరికి వచ్చింది. ప్రభుత్వం మాట నేను నమ్మను, మీ గీత చెబితే తెరుస్తాను అంది. ఆ మాట ఆయన భుజాల మీద ఎంత బరువు పెట్టిందో అప్పుడు మా ఇద్దరికీ తెలియలేదు. రోజూ టీ ఇస్తూ అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

తర్వాత ఒక శుక్రవారం మనింటి గీత పైకి పోవడం మాని వంగింది. పిన్ని కాగితం మీద మన కాగితం పెట్టి టేపు దగ్గరికి జరిపితే రెండు గీతలూ కలిసిపోయాయి, ఏది ఎవరిదో రంగు చూస్తే తప్ప తెలియదు. బావ వెనక్కి జరిగి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు. ముగ్గురం కిటికీ ముందు నిలబడి నవ్వుకున్నాం. మనమూ పిన్ని అంతటివాళ్ళమే. మర్నాడు పత్రికలో ఆ పేజీ పెద్ద అక్షరాల శీర్షికతో వచ్చింది. పాలాయన సైతం ఆగి బావకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, ఊరంతా ఆ రోజు కాకే.

అక్క సోమవారం తెరుస్తానంది. ఇద్దరం కలిసి గది కడిగాం, కుర్చీలు దూరదూరంగా వేశాం. మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఫోన్ ఎత్తే కొడుకో కోడలో ఉన్నారు. ఇంజను తాతకి ఫోన్ ఉత్త అలంకారం, అందుకని నేనే వెళ్ళి కాగితం మీద "సోమవారం క్లాసు" అని రాసి చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, లోపల్నుంచి ఒక చొక్కా తెచ్చి ఇది బాగుంటుందా అని అడిగాడు. వీధిలో నలుగురు బాగుంటుందన్నారు.

ఆదివారం మధ్యాహ్నం గిన్నెల దగ్గర నాకూ అక్కకీ మొదలైంది. ఈ వారమంతా నేనే కడిగానని నేను. ఏనాడు కడిగావని అక్క. బావ కిటికీ దగ్గర్నుంచి, తల తిప్పకుండానే, అలవాటు కొద్దీ అన్నాడు.

"ఎప్పట్నుంచి లెక్క?"

అని, ఆగిపోయాడు. మేము జవాబు చెబుతున్నా వినలేదు. నల్ల టేపు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. తర్వాత మన కాగితం మూల, ఆ ఖాళీ చోట వేలు పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చుని కొత్త కాగితాలు తీశాడు. ఈసారి రోగుల సంఖ్య కాదు, చనిపోయినవాళ్ళ సంఖ్య. ఐదు దేశాలదీ మళ్ళీ మొదట్నుంచి గీశాడు. ఎండ పెరట్లోంచి వెళ్ళిపోయేదాకా గీశాడు. ఆఖరికి అన్నీ గాజుకి అంటించి జరిపితే, మన గీత పిన్ని దగ్గర లేదు. మొండి మామయ్య గీత మీద ఎక్కి కూర్చుంది, పైకి పోతూ ఉంది.

అక్కని పిలిచి చూపించాడు.

"మనం పరీక్షలు చేసిందే తక్కువ. రోజూ గంపెడే చేస్తే ఆ గంపలో దొరికినవే లెక్కకొస్తాయి, అందుకే గీత వంగినట్టు కనపడింది. వందో రోగిని మనం చూసేసరికే జబ్బు ఊరంతా తిరిగేసి ఉంటుంది. నేను తప్పు రోజు నుంచి లెక్క మొదలుపెట్టాను. రేపు తెరవొద్దు."

అక్క అడిగింది. "వేరే ఎవరి కాగితమైనా మూల ఖాళీగా ఉంటే ఇలాగే వదిలేసేవారా?"

"లేదు," అన్నాడు బావ. "మనదని వదిలేశాను. నువ్వు అడుగుతున్నావని కూడా."

ఆమె కోపంగా వంటింట్లోకి వెళ్ళి, నేను కడగాల్సిన గిన్నెలన్నీ తనే కడిగేసింది. ఆ చప్పుడుకి నాకు ఏడుపొచ్చింది. బావ ఎడిటరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ నిట్టూర్చింది, ఇవాళ పొగిడినవాళ్ళే రేపు తిడతారంది. తిట్టనివ్వండి, ఎంత పెద్దగా తప్పు వేశామో అంత పెద్దగా అదే చోట ఒప్పు వేయాలి అని బావ పట్టుపట్టాడు. ఆవిడ ఒప్పుకుంది, అంతమాత్రం చెప్పుకోవాలి. ఫోన్ పెట్టేశాక బావ నాతో, నా గీత చూసి ఎవరెవరు తలుపులు తీశారో అన్నాడు.

మిగతావాళ్ళందరికీ ఆ సాయంత్రమే ఫోన్లు చేసి క్లాసు లేదని చెప్పాం. ఇంజను తాతకి పొద్దున్నే నేను వెళ్ళి చెప్పాలనుకున్నాం. కానీ రైలు నడిపిన మనిషి కదా, వేళకంటే ముందే వస్తాడని మాకు తట్టలేదు. నేను చెప్పులు వేసుకునేలోపు ఆయన పక్క సందులో తాళం చూసి, మా పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. దగ్గరికి రావొద్దని చేత్తో సైగ చేస్తే పెరటి మధ్యలో ఆగిపోయాడు.

అక్క హాల్లో కిటికీ దగ్గరికి వెళ్ళింది. గాజు నిండా బావ కాగితాలు. ఒక్క క్షణం బావ వైపు చూసింది. బావే వెళ్ళి కాగితాలన్నీ పీకేశాడు, మొండి మామయ్యతో సహా. అక్క గాజు ముందు నిలబడి, మాస్కు తీసి, క్లాసు లేదు తాతగారూ, మా లెక్క తప్పింది, క్షమించండి అంది. పాఠం చెప్పేటప్పటిలా నెమ్మదిగా, ఒక్కో మాటా విప్పి అంది.

పెరట్లోంచి తాత గొంతు భవనమంతా మోగింది. "లెక్క తప్పితే క్షమాపణ ఎందుకమ్మా? నా రైలు ఎన్నిసార్లు వేళ తప్పలేదు!"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీయమ్మా, కనపడటం లేదు అని ఆయన మళ్ళీ అరిచాడు.

అప్పుడు వెలిగింది మాకు, ముగ్గురికీ ఒకేసారి. గాజు శబ్దాన్ని ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. పెదవుల్ని ఆపదు. పెదవులు చదివేవాళ్ళకి శబ్దంతో పనేముంది? ఇన్ని నెలలు ఆ కిటికీ ముందే టీలు తాగుతూ ఈ సంగతి తట్టని మా తెలివికి నాకు ఒళ్ళు మండింది, సంతోషంతోనే మండింది.

ఆ వారం నుంచే క్లాసు మా పెరట్లో మొదలైంది. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇంకో రెండు కుర్చీలు పట్టేంత దూరం. వాళ్ళు బయట మాస్కులతో, అక్క లోపల మాస్కు లేకుండా. మొదటి రోజు గాజు మీద వాళ్ళ నీడలే వాళ్ళకి కనపడ్డాయి. బావ తన బల్ల దీపం తెచ్చి అక్క మొహం మీదకి తిప్పాడు, బయట గాజు మీద ఎండ పడకుండా పై అంతస్తు వాళ్ళ దుప్పటి అడ్డంగా కట్టాడు. గాజు తుడిచే పని నాది, కళ్ళజోళ్ళ దుకాణంలో నేర్చుకున్న విద్య అదొక్కటే. పొద్దున కిటికీ అక్కది, ఆ తర్వాత బావది. అక్కకి లోపల వెలుతురు కావాలి, ఆయనకి బయట వెలుతురు కావాలి. పొద్దున ఆయన వంటింటి కిటికీకి కాగితాలు అంటించుకుంటే వాటికి తాలింపు వాసన పట్టేది.

క్లాసయ్యాక కూడా ఇంజను తాత కదిలేవాడు కాదు. ఇంటికెళ్ళి ఎవరి మొహం చూడాలి? కాగితాలు గాజుకి ఒక పక్కనే అంటించమని బావకి చెప్పి, అక్క తాతకి ఇంటిపని ఇచ్చింది. గాజు అవతల గీతలాయన గొణుగుతుంటాడు కదా, ఆ పెదవులు చదవండి అని. పెళ్ళయినప్పట్నుంచి మాకెవరికీ అంతుబట్టని గొణుగుడు ఆ రోజుతో బట్టబయలైంది. స్కేలు, స్కేలు అంటున్నాడమ్మా అని తాత పెరట్లోంచి చాటింపు వేసేవాడు. టీ ఎవరూ ఇవ్వరేం అంటున్నాడు. మరదలు మళ్ళీ గిన్నెలు వదిలేసి పోయింది అంటున్నాడు. నేనేం మాట్లాడలేదే అని బావ లోపల్నుంచి తల అడ్డంగా ఊపేవాడు. నేను ఆ పూట గిన్నెలు కడిగేదాన్ని.

గీత మాత్రం బావ చెప్పినట్టే పైకి వెళ్ళింది. చెడ్డ రోజులే చూశాం. మా వీధిలో పాలాయన పోయాడు. పై అంతస్తు ఆవిడ ఆసుపత్రికి వెళ్ళి, సగం మనిషై తిరిగొచ్చింది. పిన్ని గడియ తీశాక ఆమె ఇంట్లోనూ జబ్బు దూరింది. పెద్దమ్మ బతిమాలడాలు కొన్నాళ్ళకి ఎవరూ వినలేదు. మునిగిపోయాడనుకున్న బాబాయే ఎక్కువమందిని దక్కించుకున్నాడు. ఎవరు గెలిచారో చెప్పమని ఎడిటరమ్మ అడిగితే, నిజం నిలకడ మీద తెలుస్తుంది, ఇంకా ఆగండి అన్నాడు బావ. ఆ శుక్రవారం తర్వాత ఆయన ఏ మంచి మాటా తొందరపడి చెప్పడం మానేశాడు. అక్క కూడా గది ఎప్పుడు తెరవాలని అడగడం మానేసింది. అడిగితే ఆయన మొహంలో కనపడే భయం ఆమె చూడలేకపోయింది. అంత కోపం వచ్చిన మనిషే ఇలా అయిపోయింది, అదేం ప్రేమో.

క్లాసు మాత్రం ఆగలేదు. వానొస్తే గొడుగులు వేసుకుని వచ్చారు. చలికి కంబళ్ళు కప్పుకుని వచ్చారు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున, క్లాసయ్యాక అందరూ కుర్చీలు సర్దుకుంటున్నారు. లోపల బావ తన కాగితాలు గాజుకి అంటించి, అటు జరిపి, ఇటు జరిపి చూస్తున్నాడు. రోగుల కాగితం, పోయినవాళ్ళ కాగితం, ఆసుపత్రి మంచాల కాగితం, మూడింటినీ మూడు రకాలుగా జరిపాడు. ఇప్పుడు ఏ మూలా ఖాళీ లేదు. పెదవులు కదిలాయి.

ఇంజను తాత కుర్చీ కింద పడేసి లేచాడు.

"వంపు తిరిగింది అంటున్నాడు! అమ్మా, గీత వంపు తిరిగిందట!"

పట్టాల మీద వంపు కోసం జీవితమంతా కళ్ళు చించుకుని చూసిన మనిషి, ఆ మాట తప్పుగా చదవడు. భవనంలో కిటికీలు తెరుచుకున్నాయి. లోపల బావ దొంగలా దొరికిపోయి, రెండు చేతులూ ఊపుతున్నాడు, ఇంకా కాదు, ఇంకా చూడాలి అని. ఎవరూ ఆయన చేతులు చూడటం లేదు. తాత చూసినవాళ్ళకల్లా ఆ మాట అరిచి చెబుతున్నాడు, వాళ్ళు పక్కవాళ్ళకి చెబుతున్నారు.

కుర్చీలు సర్దడానికి అక్క కూడా మాస్కు వేసుకుని పెరట్లోకి వచ్చి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మాస్కు కిందికి లాగి, గొంతు లేకుండా ఏదో అడిగింది. బావ గాజు అవతల్నుంచి, గొంతు లేకుండానే, నెమ్మదిగా, ఒక్కో మాటా విప్పి జవాబు చెప్పాడు. ఆమె దగ్గర ఎప్పుడు నేర్చుకున్నాడో అలా మాట్లాడటం. అక్క నవ్వుతూనే ఏడ్చింది.

నాకు పెదవులు చదవడం రాదు. ఏమన్నాడక్కా అని అడిగితే ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"ఎప్పట్నుంచి లెక్కేసినా తిరిగిందట. గది తాళం ఎక్కడుందో వెతుకు."